కార్తీక వనభోజనాలు: చెస్ట్‌నట్స్ ఎవరింట్లో, ఎలా దాచాలి?

వంటల టీమ్:
అందరికీ నమస్కారమండీ. వనభోజనాలు నవంబర్ మూడో ఆదివారం, ఇక్కడ జర్మనీలో మన నాయిష్టాట్ ఊరి దగ్గర అడవి అంచున ఉన్న గ్రిల్ షెడ్‌లో. 60 మంది దాకా వస్తామన్నారు. పులిహోర, దద్దోజనం సంగతి ఇంతకుముందే మాట్లాడుకున్నాం, ఇక్కడ చెస్ట్‌నట్స్, అంటే నిప్పుల మీద కాల్చుకు తినే ఆ గింజల సంగతి ఒక్కటే తేలుద్దాం.

మన ఫాల్జ్ కొండల్లో ఇవి సెప్టెంబర్ చివర మొదలై అక్టోబర్ ఆఖరు దాకా రాలతాయి. మనం కలిసేనాటికి ఇక్కడి కాయ అయిపోతుంది. అందుకని అక్టోబర్ మూడో వారంలో కొని, నాలుగు వారాలు మన ఇళ్లలో దాచుకుందాం. మొత్తం 14 కేజీలు కావాలి. 9 కేజీలు అక్కడే నిప్పుల మీద కాల్చడానికి, 5 కేజీలు బూరెల పూర్ణానికి. తొక్కా, పాడైనవీ పోయినా సరిపోతుంది. ఇంటికి 2 కేజీల చొప్పున ఏడిళ్లు కావాలి. ఫ్రిజ్‌లో చోటున్నవాళ్లు చెప్పండి.

కొనుగోళ్ల టీమ్:
అన్నాళ్లు దాచడం ఎందుకక్కా? నవంబర్‌లో సూపర్‌మార్కెట్లో ఇటలీ కాయ దొరుకుతుంది. ముందురోజు తెచ్చేస్తే ఏ టెన్షనూ ఉండదు.

వంటల టీమ్:
దొరుకుతుంది తమ్ముడూ, కానీ హీటర్ వేడిలో వలసంచుల్లో ఎన్నాళ్లుందో మనకి తెలియదు. నొక్కితే తొక్కకీ లోపలి గింజకీ మధ్య ఖాళీ తగిలిందంటే ఎండిపోయినట్టే. అది కాల్చినా రాయిలా ఉంటుంది. చెస్ట్‌నట్‌ని మనం జీడిపప్పు, వేరుశనగల లెక్కలో వేసి డబ్బాలో పోసేస్తాం, తేడా అక్కడే వస్తుంది. పచ్చి కాయ బరువులో సగం దాకా నీరే, నూనె నామమాత్రం, మిగతాది ఎక్కువగా పిండి పదార్థం. పనస గింజలాంటిదనుకో. బయట గదిలో వారం ఉంటే గట్టిపడుతుంది, గాలాడని ప్లాస్టిక్ కవర్లో ఉంటే బూజు పడుతుంది. కూరగాయని చూసుకున్నట్టు చూసుకోవాలి.

దాచేవాళ్లు దయచేసి ఈ పద్ధతే పాటించండి. తెచ్చిన రోజే కవర్లోంచి తీసి పరిచి ఏరండి. చిన్న గుండ్రటి చిల్లు ఉన్నది పురుగు బయటికి వచ్చేసిన కాయ, పారేయండి. చిల్లు లేనంత మాత్రాన పురుగు లేదనుకోకండి, గుడ్డు చెట్టు మీద ఉండగానే లోపలికి చేరుతుంది. తర్వాత బకెట్ నీళ్లలో వేయండి. తేలినవన్నీ చెడ్డవని కాదు, కొన్ని ఉత్తినే ఎండి తేలతాయి. వాటిని కోసి చూసి, బాగున్నవి ఆ రోజే ఉడకబెట్టుకు తినండి. నిల్వకి మాత్రం మునిగినవే.

మునిగినవాటిని 50 డిగ్రీల నీళ్లలో 45 నిమిషాలు ఉంచాలి. లోపలి పురుగు చస్తుంది, కాయ ఉడకదు. ఇందులో ఉజ్జాయింపు పనికిరాదు, వంటింటి థర్మామీటర్ పెట్టి చూడండి. వేడి పెరిగితే గింజ ఉడికి నిల్వకి పనికిరాదు, తగ్గితే పురుగు బతుకుతుంది. టైమ్ అవగానే చన్నీళ్లలోకి మార్చి, గుడ్డ మీద నీడన పరచండి. పైన తడి పూర్తిగా ఆరాకే ఫ్రిజ్‌లోకి, అది కూడా గుడ్డ సంచిలో కానీ చిల్లులు పెట్టిన కవర్లో కానీ, కూరగాయల అరలో. వారానికోసారి తీసి చూడండి. సంచి చెమ్మగా ఉంటే మార్చండి. తొక్క మీద కాస్త తెల్లటి బూజుంటే తుడిచేయొచ్చు, లోపలికి పోయిందా కాయ మొత్తం పారేయాల్సిందే.

ఇటలీలో తరతరాలుగా చన్నీళ్లలోనే వారం, తొమ్మిది రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ, ఆరబెట్టి దాచే పద్ధతి ఉంది. మంచి పద్ధతే, కానీ అపార్ట్‌మెంట్లో రోజూ బకెట్లు మార్చడం, ఆ పులిసిన వాసన... మనకి వద్దు.

పూర్ణానికి వేరే దారి. ఆ 5 కేజీలు తెచ్చిన వారంలోనే ఉడకబెట్టి, వేడిగా ఉండగానే ఒలిచి, అరకేజీ ప్యాకెట్లుగా డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. చల్లారితే లోపలి సన్నపొర గింజని వదలదు. కొద్దికొద్దిగా వేడి నీళ్లలోంచి తీస్తూ ఒలవండి. బెల్లం, ఏలక్కాయ వనభోజనాల ముందురోజు కలుపుతాం.

పిల్లల కార్యక్రమాల టీమ్:
మేం అక్టోబర్‌లో పిల్లల్ని అడవికి తీసుకెళ్లి ఏరిద్దామనుకున్నాం. అవే తెస్తే కొనే ఖర్చు తగ్గుతుంది కదా వదినా?

వంటల టీమ్:
తీసుకెళ్లండి, తప్పకుండా. ఆ చెట్లని రోమన్లు ద్రాక్షతో పాటు ఇటు తెచ్చారనీ, ద్రాక్షతోటల గుంజలకి ఈ కర్రే వాడేవారనీ పిల్లలకి చెప్పండి. కానీ ఏరినవి ఎవరివి వాళ్లింటికే. ఇక్కడి చట్టం సొంత వాడకానికి కొద్దిపాటి ఏరుకోనిస్తుంది, 60 మంది విందుకి కాదు. పైగా కంచె లోపలి చెట్టు ఎవరిదో ఒకరిది. విందుకి రైతుల దగ్గరే కొందాం, అన్‌వైలర్, ఎడెన్‌కోబెన్ వైపు సంతల్లో మంచి కాయ వస్తుంది.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. పార్కుల్లో, రోడ్ల పక్కన రాలే హార్స్ చెస్ట్‌నట్ విషం. నున్నగా, గుండ్రంగా మెరుస్తుంది, పిల్లలకి అదే ముద్దొస్తుంది. దాని పైతొక్క మీద ముళ్లు అక్కడక్కడా పొట్టిగా ఉంటాయి. తినేదాని పైతొక్క పట్టుకోలేనంత ఒత్తుగా సన్నటి ముళ్లతో ఉంటుంది, గింజకి ఒక కొనన చిన్న కుచ్చుంటుంది. ఆకు కూడా చూపించండి. తినేదానిది ఒంటి ఆకు, పొడుగ్గా రంపపు అంచుతో. విషపుదానిది అరచేయి విప్పినట్టు ఐదు నుంచి ఏడు ఆకులు ఒకేచోట.

ఆరోగ్యం చూసుకునే టీమ్:
రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక ప్రశ్న చేర్చండి. రబ్బరు గ్లోవ్స్ అంటే అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి చెస్ట్‌నట్ కూడా పడదు, అరటి, కివీ, అవకాడో లాగే. బూరెల గిన్నె మీద చెస్ట్‌నట్ ఉందని పెద్ద అక్షరాల్లో రాద్దాం. శనగపప్పు బూరెలు వేరే గిన్నెలో పెట్టాలి.

వంటల టీమ్:
చేరుస్తామండీ. శనగపప్పువి వేరే మూకుడులో, ముందుగా వేయిస్తాం.

కొనుగోళ్ల టీమ్:
సరే, ఒప్పుకున్నా. సంతకి నేను వెళ్తా. ఒక్క డౌట్, ఫ్రిజ్‌లో చోటు లేనివాళ్లు బాల్కనీలో పెట్టొచ్చా?

వంటల టీమ్:
వద్దు తమ్ముడూ. పగలు ఎండ, రాత్రి మంచు, మధ్యలో ఉడతలు. కింద సెల్లార్ చల్లగా ఉంటే చెక్కపెట్టెలో పొడి ఇసుక వరసల మధ్య పెట్టొచ్చు, కానీ ఫ్రిజ్‌లో ఉన్నంత కాలం ఉండవు. అలా దాచినవి ముందు వాడేద్దాం.

కాల్చేటప్పుడు గాటు పెట్టడం మర్చిపోకండి. గాటు లేని కాయ ఆవిరికి పేలి కళ్ల మీదికొస్తుంది. గాట్లు ముందురోజే పెడితే ఎండిపోతాయి, అక్కడికి వచ్చాకే పెడదాం. చిల్లుల పెనాలు రెండు కావాలి. నిప్పు షెడ్‌లో చూపించిన చోట తప్ప ఎక్కడా వద్దు.

అలంకరణ టీమ్:
మా ఇంట్లో ఒక చిల్లుల పెనం, వంటింటి థర్మామీటర్ ఉన్నాయి. 2 కేజీలు మా పేరున రాసుకోండి. థర్మామీటర్ లేనివాళ్లు కొన్న రోజు సాయంత్రం మా ఇంటికి తెచ్చుకుంటే అందరివీ కలిపి వేడినీళ్ల పని చేసేద్దాం.

వంటల టీమ్:
రాశానండీ, చాలా థాంక్స్. మీతో ఐదిళ్లయ్యాయి. ఇంకా రెండిళ్లు, ఒక పెనం కావాలి.