గోంగూరని సారెల్ అనొచ్చా? వంటలు రాసేవాళ్ళు ఏ పేరు వాడాలి?

న్యూజెర్సీ కోడలు:
ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పోయిన శనివారం మావారి స్నేహితులు భోజనానికి వస్తున్నారని గోంగూర పచ్చడి చేద్దామనుకున్నాను. ఇండియన్ షాపులో గోంగూర అయిపోయింది. ఫోనులో ఒక తెలుగు వంటకం చూస్తే "గోంగూర అంటే సారెల్ ఆకులు" అని ఉంది. రైతుల సంతలో సారెల్ అని బోర్డు పెట్టిన కట్టలు కనిపించాయి, నాలుగు కొనేశాను. పాలకూరలా పొడుగ్గా, నున్నగా ఉన్న ఆకు. అప్పుడే అనుమానం రావాల్సింది. మూకుట్లో వేసిన రెండు నిమిషాలకే రంగు పోయి ముద్దయింది. పులుపు ఉంది కానీ గోంగూర మాత్రం కాదు. గుంటూరు వాళ్ళ ముందు ఆ ముద్ద పెట్టలేక టమాటా పచ్చడితో గట్టెక్కాను.

నా వాదన ఒకటే. తెలుగులో వంట రాసేవాళ్ళు ఈ ఇంగ్లీషు పేర్లు మానేయాలి. గోంగూరని గోంగూర అనే రాయాలి. మీరేమంటారు?

పెరటి పెద్దమ్మ (డాలస్):
అమ్మాయ్, నువ్వు కొన్నది చుక్కకూరకి అక్కచెల్లెలు. ఇంగ్లీషువాళ్ళ అసలు సారెల్, మన చుక్కకూర రెండూ రూమెక్స్ జాతివే. గోంగూరది మందార, బెండ, పత్తి ఉన్న కుటుంబం. ఆకు మూడు నుంచి ఐదు పాయలుగా చీలి ఉంటుంది, పువ్వు అచ్చం బెండ పువ్వే. నిమ్మరసం, చింతపండు రెండూ పుల్లగా ఉంటాయని ఒకే పేరు పెడతామా? నీ మాటే నా మాట.

లండన్ శీను:
పెద్దమ్మగారూ, చిన్న సవరణ. సారెల్ అన్నవాళ్ళు గాల్లోంచి తెచ్చిన పేరు కాదది. ఇక్కడ జమైకా వాళ్ళ షాపుల్లో క్రిస్మస్ ముందు ఎర్రటి ఎండు రెక్కలు అమ్ముతారు, వాటితో పానీయం చేసుకుంటారు. దాని పేరు సారెలే. అది ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే పుల్లటి రెక్క. కాబట్టి కరీబియన్ ఇంగ్లీషులో గోంగూర మొక్క సారెల్, బ్రిటన్ ఇంగ్లీషులో చుక్కకూర బంధువు సారెల్. కాస్త స్పష్టంగా కావాలంటే రోజెల్ అనాలి. బర్మా వాళ్ళ షాపుంటే చిన్‌బౌంగ్ అని అడగండి, అది మన గోంగూరే, తాజాగా దొరుకుతుంది.

తెలుగు పేరే రాయాలంటే ఒప్పుకోను. షాపువాడికి గోంగూర అంటే ఏం అర్థమవుతుంది? వంట చదివేది కొనుక్కోవడానికే కదా.

ఓరుగల్లు బిడ్డ (బెర్లిన్):
తెలుగు పేరే అంటున్నారు సరే, ఎవరి తెలుగు? మా ఇంట్లో అది పుంటికూర. గోంగూర అన్న మాట హైదరాబాద్ హాస్టల్లో చేరాకే నా నోట్లోకి వచ్చింది.

ఇక్కడ జరిగింది వినండి. శివరాత్రి ఉపవాసం. నా రూమ్మేట్‌ది తెనాలి. "కందగడ్డలు తీసుకురా అన్నా" అని పంపాను. మా దిక్కు కందగడ్డ అంటే మీ చిలగడదుంప. ఆయనకి కంద అంటే కూరల్లో వేసే దురద కంద. ఆఫ్రికా షాపుకి పోయి యామ్ అని అడిగాడట, కట్టెమొద్దు లాంటి దుంప ఒకటి మోసుకొచ్చాడు. రెండు కిలోల పైనే ఉంది. ఇద్దరం తెలుగోళ్ళమే, ఇద్దరం కరెక్టే! రాత్రంతా దాన్ని కోస్తూనే జాగారం అయిపోయింది.

న్యూజెర్సీ కోడలు:
నవ్వలేక చచ్చాను. అయితే ఇక్కడ థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసులో యామ్ అని పెట్టింది తియ్యగా, నారింజ రంగులో ఉంది. అది చిలగడదుంపేగా?

పెరటి పెద్దమ్మ (డాలస్):
చిలగడదుంపే. 1930ల్లో లూసియానా రైతులు తమ నారింజ రంగు దుంపని మిగతావాటి నుంచి వేరుగా అమ్ముకోవాలని యామ్ అని పేరు పెట్టారు. లేబుల్ మీద యామ్ అని వేస్తే పక్కన స్వీట్ పొటాటో అని కూడా వేయాలని ఇక్కడ నియమం ఉంది. ఓరుగల్లు బాబూ, మీ కందగడ్డా అమెరికా యామూ ఒకే దారిలో నడిచాయన్నమాట.

మదనపల్లె మామ (సిడ్నీ):
నాదీ ఒకటి వేసుకోండి. కోస్తా వాళ్ళ వంటల్లో ఆనపకాయ పులుసు అని చూసి, మా చిత్తూరు అనపకాయలనుకున్నా. మాకు అనపకాయలంటే చిక్కుడు జాతి గింజలు, చలికాలంలో పితికి పప్పు చేసుకుంటాం. తీరా చూస్తే సొరకాయ! ఇంగ్లీషూ అంతే. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో షాలట్స్ అంటే చాలామందికి ఉల్లికాడలు. మిగతా లోకానికి చిన్న ఎర్ర ఉల్లిగడ్డలు. సాంబారులోకని తెమ్మంటే మా పిల్లాడు ఉల్లికాడలు తెచ్చినాడు. వాడిని ఏమని తిట్టాల?

న్యూజెర్సీ కోడలు:
ఇండియన్ షాపులో కూడా సుఖం లేదండీ. అక్కడ దొండకాయ తిండోరా, సొరకాయ దూధీ, బీరకాయ తురియా, గోరుచిక్కుడు గువార్. మొదటి నెల అంతా సంచుల మీద వేలు పెట్టి చూపించడమే. తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న ఊళ్ళో ఒక్క తెలుగు పేరు రాయడానికి ఏం?

లండన్ శీను:
మొదట కొట్లు పెట్టిన గుజరాతీవాళ్ళ భాష అది. మీ అమెరికాలో పటేల్ బ్రదర్స్ 1974లో షికాగో డెవాన్ అవెన్యూలో మొదలైంది. అప్పటికి తెలుగువాళ్ళు ఎంతమంది? ముందొచ్చినవాళ్ళు పెట్టిన పేరు బోర్డు మీద ఉండిపోయింది. నాకైతే కోపం లేదు. తిండోరా అన్న మాట నేర్చుకోవడానికి ఒక్క నిమిషం.

ల్యాబ్ రాముడు:
ఇంత గొడవ దేనికి? శాస్త్రీయ నామం రాస్తే పోలా. హైబిస్కస్ సబ్డారిఫా. ప్రపంచమంతా ఒకటే పేరు.

పెరటి పెద్దమ్మ (డాలస్):
నాయనా, విత్తనాలు కొనేటప్పుడు నేనూ అదే చూస్తాను, అక్కడ బాగా పనికొస్తుంది. వంటింట్లో కాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ మూడూ బ్రాసికా ఒలెరేసియానే. కూర ఏ దాంతో చేయమంటావు?

ఓరుగల్లు బిడ్డ (బెర్లిన్):
దెబ్బకి రాముడు ఔట్.
ఇంకో సంగతి, శాకాహారులకి. జర్మనీలో పిజ్జా మీద పెపెరోని అంటే కారం మిరపకాయలు, అమెరికాలో మాంసం. నేను ఆరునెలలు భయపడి దాని జోలికి పోలేదు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్ళేవాళ్ళు జాగ్రత్త. ఇక్కడ పాప్రికా అంటే మన క్యాప్సికం కూడా.

లండన్ శీను:
సరే, నేను కాస్త దిగొస్తాను. తెలుగు పేరు ముందు రాయండి, ఇంకో ప్రాంతం పేరుంటే అదీ రాయండి. తర్వాత ఏ దేశంలో ఏ షాపులో ఏమంటారో చెప్పండి. ఊరికే "ఇంగ్లీషులో" అనొద్దు. కల్లలూ అని జమైకా వాళ్ళని అడిగితే తోటకూర ఇస్తారు, ట్రినిడాడ్ వాళ్ళకది చామ ఆకులతో చేసే వంటకం. ఒక్క ఫొటో ఉంటే ఇంకా మంచిది.

మదనపల్లె మామ (సిడ్నీ):
కట్ట ఫొటో కాదు, ఒక్క ఆకు విడిగా పెట్టి తీయాల. కట్టలో అన్నీ పచ్చగానే ఉంటాయి.

పెరటి పెద్దమ్మ (డాలస్):
ఇది బాగుంది. అమ్మాయ్, ఇంతకీ ఆ సారెల్ ముద్ద పారేశావా? కందిపప్పులో కలిపి పోపు పెడితే చక్కటి చుక్కకూర పప్పు అయ్యేది.

న్యూజెర్సీ కోడలు:
పారేయలేదు పెద్దమ్మగారూ, ఫ్రిజ్‌లో పెట్టాను. మీ మాట చూసి ఇప్పుడే కుక్కర్ పెట్టాను. మావారు వాసన చూసి "చుక్కకూర ఎక్కడ దొరికింది?" అంటున్నారు. కావాలనే తెచ్చానని చెప్పాను.