ఒక దేశం పసిగట్టిన అబద్ధం గురించి మిగతా దేశాలకు ఎలా తెలుస్తుంది?

విదేశీ తప్పుడు ప్రచారాన్ని ప్రభుత్వాలు కలిసికట్టుగా ఎలా ఎదుర్కొంటాయో తెలుసుకోవాలని కొన్ని వారాలుగా చదువుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, దయచేసి సాయం చేయండి.

ఏర్పాట్ల గురించి తెలిసింది. 2018లో కెనడాలోని షార్లెవ్వా శిఖరాగ్ర సమావేశంలో జీ7 దేశాలు సత్వర స్పందన యంత్రాంగాన్ని ప్రకటించాయి. ఐరోపా సమాఖ్య 2019లో సభ్యదేశాల మధ్య హెచ్చరికల వ్యవస్థను నెలకొల్పింది.

నాకు అంతుపట్టనిది అసలు పని జరిగే తీరు. ‘డోపెల్‌గ్యాంగర్’ ఉదంతమే చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన లె మోండ్, జర్మనీకి చెందిన డెర్ ష్పీగెల్ వంటి పత్రికల వెబ్‌సైట్లను అచ్చుగుద్దినట్లు అనుకరించి రష్యా అనుకూల కథనాలు వదిలారు. పరిశోధకులు 2022లోనే గుట్టు విప్పారు. ఫ్రాన్స్ బహిరంగంగా ఖండించింది 2023 జూన్‌లో, ఐరోపా సమాఖ్య ఆంక్షలు జులైలో. అబద్ధం గంటల్లో పాకిపోతుందే, మరి ఇన్ని నెలలు దేనికి పట్టాయి? నిఘా వర్గాల ఆధారాలను మిత్రదేశాలతో ఎంతవరకు పంచుకుంటారు? ‘ఇది ఫలానా దేశం పని’ అని ప్రకటించే నిర్ణయం చివరికి ఎవరిది?

ఇంకొకటి నన్ను నిజంగా కలవరపెడుతోంది. సొంత పౌరుల విమర్శకే విదేశీ కుట్ర అని ముద్ర వేయకుండా ఈ ఒప్పందాల్లో అడ్డుకట్ట ఏమైనా ఉందా? దౌత్య రంగంలోనో, వార్తల నిజనిర్ధారణలోనో పనిచేసినవారు ఒక్క ఉదాహరణతో వివరించినా ఎంతో మేలు చేసినవారవుతారు.