"అవెంతమంది?" అని అడిగిన పిల్ల

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి రాస్తున్నాను. కథల్లో మనుషుల్లా మసలే జీవుల్ని "అవి" అనాలా, "వాళ్ళు" అనాలా అన్న వాడుక గురించి గ్రూపులో పెద్దల మాట వినాలని ఉంది. ముందు నేను అనుకుంటున్నది చెబుతాను.

ఆదివారాలు మా ఇంట్లో చుట్టుపక్కల తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెబుతుంటాను. చదివేది ఒడియా బడిలో కాబట్టి వాళ్ళకు తెలుగంటే ఇంట్లో చెవిన పడినంతే. మొన్న 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' అనే స్టార్ వార్స్ సినిమాలోని అడవి జీవులైన ఎవోక్‌ల సంగతి చెప్పాను. మూడడుగుల ఎత్తు, ఒళ్ళంతా బొచ్చు, చెట్ల మీద ఊళ్ళు, చేతుల్లో ఈటెలు. ఉద్దానం జీడితోటల్లోకి ఎలుగు వచ్చిందన్న కబుర్లు చుట్టాల నోట విన్న పిల్లలే కదా అని "ఎలుగుపిల్లల్లా ఉంటాయి" అంటూ మొదలుపెట్టాను. ఇక అక్కణ్ణుంచి అన్నీ "అవి", "వచ్చాయి", "పోయాయి".

కథ యుద్ధం దాకా వచ్చింది. పేలుడుకు రెండు కింద పడ్డాయి. ఒకటి లేచింది. పక్కదాన్ని కుదిపింది. అది లేవలేదు. అక్కడ ఏడేళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అత్తా, అవెంతమంది చచ్చిపోయారు?" అంది.

"అవెన్ని చచ్చిపోయాయి అనాలే" అని వాళ్ళన్న దిద్దాడు. నేను మొదలుపెట్టిన "అవి"ని బట్టి చూస్తే వాడు దిద్దింది సరైనదే. కానీ ఆ పిల్ల "అవి" అన్న మాట నా నోటి నుంచి తీసుకుంది, "మంది" మాత్రం తన మనసులోంచి తెచ్చుకుంది. తప్పు నాది. కథ మళ్ళీ చెప్పాను: ఇద్దరు పడిపోయారు, ఒకడు లేచాడు, పక్కవాణ్ణి లేపబోయాడు, వాడు లేవలేదు. ఈసారి ఎవరూ కదల్లేదు.

ఇది మన భాషకు కొత్తేం కాదు. గుళ్ళో కొబ్బరిచిప్పలు ఎత్తుకుపోయేవి వానరాలు. వారధి కట్టినవాళ్ళు వానరులు. ఒంటి మీది బొచ్చులో తేడా లేదు, మారింది ఒక్క అక్షరం, దాని వెంట క్రియ. జాంబవంతుడు ఎలుగే అయినా "వచ్చింది" అని ఎవరం అనం. మరి అదే వారధికి ఇసుక మోసిన ఉడుత? "ఉడుత సాయం చేసింది" అనే అంటాం. భక్తిలో ఉడుత ఎవరికీ తీసిపోదు. కానీ వానరులకు రాజున్నాడు, మంత్రులున్నారు, అన్నదమ్ముల తగువుంది, వాలి పడిపోతే మీద పడి ఏడ్చిన తార ఉంది. పోయినవాడి కోసం ఏడ్చేవాళ్ళున్న చోట తెలుగు "మంది" అంటుంది. నాకు తోచింది ఇదే. ఎవోక్‌లకు కూడా ఊరుంది, పెద్దలున్నారు, పండగ ఉంది. అందుకే ఎవోకుడు, ఎవోకులు అని డుమువులు చేర్చి చెప్పడమే నాకిష్టం.

ఆ పిల్లకు ఈ తేడా వీధిలో కూడా వినిపిస్తుంది. ఒడియాలో మనుషులైతే "కేతే జణ", వస్తువులైతే "కేతోటి" అని అడుగుతారు. రెండు భాషలూ ఒకే వైపు లాగుతుంటే పిల్ల నోట ఆ మాట రావడంలో వింతేముంది?

నిన్న ఇక్కడే ఒక తమ్ముడు, కథకు మన ప్రాంతపు వాసన రావాలంటే ఎవోక్‌ల చేత సవర ఆదివాసుల మాటలు పలికించమని రాశాడు. మంచి మనసుతోనే రాశాడు, కానీ నేను ఒప్పుకోను. సినిమావాళ్ళు చేసింది కూడా ఇలాంటిదే. ఆ సినిమాకు శబ్దాల పని చూసిన బెన్ బర్ట్ ఎవోక్‌ల మాటలకు రష్యాలోని కల్మిక్ భాష ధ్వనులు వాడుకున్నాడు. ఎవోక్ అన్న పేరు కాలిఫోర్నియాలోని మివోక్ అనే ఆదివాసుల పేరు నుంచి వచ్చింది. దూరం నుంచి చూసేవాళ్ళకు అది వట్టి పేరే. మనకు సవరలు దూరం కాదు, గజపతి జిల్లాలో పక్క ఊరివాళ్ళు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి వాళ్ళ దగ్గరే ఆ భాష నేర్చుకుని, 1931లో సవర భాషకు మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. అంత శ్రద్ధగా విన్న భాషను బొచ్చు జీవుల నోట పెడితే, రేపు మా అరుగు మీదికి ఒక సవర పిల్లాడు వచ్చి కూర్చుంటే వాడి ముఖం ఎలా చూడను? ఎవోకులు తెలుగులోనే మాట్లాడతారు. మా బరంపురం యాసలో మాట్లాడతారు.

ఒక చిక్కు మిగిలింది. ఏకవచనంలో ఆడ ఎవోక్ వస్తే "వచ్చింది" అనాల్సిందే, ఎలుగుకూ అదే క్రియ. బహువచనంలో దొరికిన మర్యాద అక్కడ దొరకదు. "ఎవోకమ్మ వచ్చింది" అని కాకమ్మ వరసలో లాగాను గానీ తృప్తిగా లేదు. ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.

మహారాష్ట్రలోని సిరోంచ వైపు నుంచి ఈ గ్రూపులో ఉన్నవాళ్ళను ఇంకొకటి అడగాలి. మరాఠీలో మనుషులకు వేరుగా దోఘే (ఇద్దరు), తిఘే (ముగ్గురు) ఉన్నాయి కదా, మీ పిల్లలు వానరుల కథ తెలుగులో చెప్పేటప్పుడు "ఇద్దరు" అంటారా, "రెండు" అంటారా?