నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టడం తప్పా?

గుంటూరు చెల్లి:
అందరికీ వందనాలు. మా పుట్టింటివాళ్లు లూథరన్లు. ఏటా సమాధుల పండుగకి నాన్న సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. అయ్యగారు వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. పెళ్లయ్యాక నేను వెళ్తున్న సంఘంలో మాత్రం ఇది విగ్రహారాధనతో సమానం అంటున్నారు. ఈసారి వెళ్లాలా వద్దా అని ఒకటే టెన్షన్.

సత్యవాక్యం:
సిస్టర్, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. ఈ పండుగ బైబిల్లో లేదు. దాదాపు 1000 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠానికి అధిపతిగా ఉన్న ఒడిలో అనే ఆయన, చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించాలని తన మఠాల్లో ఈ రోజును పెట్టాడు. లూకా 24లో యేసు సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలను దూతలు ఏమడిగారు? బతికున్నవాణ్ణి చనిపోయినవాళ్లలో ఎందుకు వెతుకుతున్నారని కదా! మా ఊళ్లో కొందరు సమాధి మీద బిర్యానీ, చుట్ట కూడా పెడతారు, పోయినాయనకి ఇష్టమని. అది పెద్దలకు పెట్టడం కాక మరేమిటి?

బెజవాడ కతోలిక:
మేం ఆ రోజు ఆత్మల కోసమే ప్రార్థిస్తాం, అందులో దాపరికం లేదు. మా బైబిల్లో మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో దానికి ఆధారం ఉంది. మీ ప్రొటెస్టంట్ల బైబిల్లోని 66 పుస్తకాల్లో ఆ గ్రంథమే లేదు. ఇక మన వాదన ఎక్కడ తెగుతుంది?

సమాధుల తోట:
చుట్ట సంగతి నేనూ ఒప్పుకోను బ్రదర్. కానీ చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధికి వెళ్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. యోసేపు తన ఎముకల్ని ఐగుప్తులో వదిలేయొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

నా సంగతి చెప్తాను. చాలా ఏళ్లు కాపలాదారు చేతిలో డబ్బులు పెట్టి తాత సమాధికి సున్నం వేయించాను. ఆ రోజు పది నిమిషాలు నిలబడి వచ్చేసేవాణ్ణి. అందులో భక్తి లేదు, నిజం. అమ్మ పోయిన ఏడాది మాత్రం గడ్డి నేనే పీకాను. రాతి మీద అమ్మ పేరులో పేరుకున్న మట్టిని గోటితో తీస్తుంటే నా కూతురు, "నానమ్మ ఇక్కడే ఉందా?" అంది. "లేదమ్మా, ప్రభువు దగ్గరుంది. ఆయన వచ్చిన రోజున ఇక్కడి నుంచి లేస్తుంది" అన్నాను. పునరుత్థానం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో! ఆ మాట నా నోటితో నేను చెప్పింది మాత్రం అదే మొదటిసారి.

సత్యవాక్యం:
మీ మాటలు చదివితే మా నాన్న గుర్తొచ్చాడు. అయినా, ఆ మాట ఇంట్లో ప్రార్థన దగ్గర చెప్పలేమా?

సమాధుల తోట:
చెప్పొచ్చు. నేనే చెప్పలేదు.

గుంటూరు చెల్లి:
అమ్మకి ఫోన్ చేశాను, వెళ్తున్నాను. కొవ్వొత్తుల సంగతి ఇంకా తేల్చుకోలేదు. గడ్డి మాత్రం మోకాళ్ల దాకా పెరిగిందట, కొడవలి పదును పెట్టించమన్నాను.