చుగ్తాయ్ గీతలో పారశీక సంప్రదాయం ఎక్కడ కనిపిస్తుంది?

ప్రశ్న: చిత్రలేఖన ఉపాధ్యాయురాలు, అనంతపురం

అందరికీ నమస్కారం. లాహోరు చిత్రకారుడు అబ్దుర్ రహ్మాన్ చుగ్తాయ్ బొమ్మలను పై తరగతి పిల్లలచేత అభ్యాసం చేయిస్తున్నాను. గాలిబ్ కవితలకు ఆయన బొమ్మలు వేసి 1928లో వెలువరించిన ‘మురక్కా-ఎ-చుగ్తాయ్’లోని స్త్రీమూర్తులలో వెలుగునీడలు దిద్దడం చాలా తక్కువ, అయినా భుజం గుండ్రదనం, మేలిముసుగు పలుచన, కూర్చున్న మనిషి బరువు గీతతోనే తెలిసిపోతాయి. మా పిల్లలు ఎంత శ్రద్ధగా దించినా ఆ గీత బొమ్మ చుట్టూ బిగించిన ఇనుపతీగలా తయారవుతోంది. లేపాక్షి కప్పు మీది చిత్రాలు గీయమన్నప్పుడు ఇదే పిల్లలకు ఈ ఇబ్బంది రాలేదు. రెండూ రేఖాప్రధానమైన శైలులే కదా, మరి తేడా ఎక్కడుంది? చుగ్తాయ్ మీద పారశీక ప్రభావం ఉందని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది గీతలో ఏ చోట ఉందో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: కడప

టీచరు గారూ, మా నాన్నగారు ఉర్దూ కాతిబ్‌గా, అంటే అందమైన చేతిరాతతో ప్రతులు రాసే లేఖకుడిగా, పని చేశారు కనుక నేను అటువైపు నుంచే చెప్పగలను. ఇరాన్‌లో 14వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న నస్తాలీఖ్ లిపిని (ఉర్దూ రాసేది ఇందులోనే) ఏటవాలుగా కోసిన రెల్లు కలంతో రాస్తారు. ‘సీన్’ (స) అక్షరాన్ని సాగదీసి రాసేటప్పుడు గీత సన్నగా మొదలై, నడుమ కలం వెడల్పంతా విచ్చుకుని, కొసకు మళ్లీ వెంట్రుకంత అవుతుంది. ఇదంతా చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో జరగాలి. నడుమ ఆగితే అక్కడ సిరా ఊరి గడ్డకడుతుంది, కాతిబ్ కంటికి అది దొరికిపోతుంది.

ఈ ఊపును మనిషి బొమ్మలోకి తెచ్చినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు రెజా అబ్బాసీ. ఇరాన్ రాజు షా అబ్బాస్ (పాలన 1588–1629) ఆస్థానంలో పని చేసి 1635లో మరణించిన ఈ చిత్రకారుడు, గ్రంథాలకు కథాచిత్రాలు వేయడంకంటే, చిత్రసంపుటాలలో చేర్చుకునే విడి పుటల మీద ఒంటరి మూర్తులను గీయడంలోనే ఎక్కువ పేరు పొందాడు. ఆ మూర్తి నడికట్టు కొసను దగ్గరగా చూడండి: గుడ్డ మడత పడినచోట గీత లావెక్కుతుంది, గాలికి తేలినచోట దాదాపు మాయమవుతుంది. బట్ట బరువు చెప్పడానికి ఆయనకు నీడతో పనిలేదు. చుగ్తాయ్ మేలిముసుగు అంచులో ఉన్నది ఈ గీతే. పారశీక వారసత్వం అనగానే చాలామంది సురాహీలు (పొడవాటి మెడగల కూజాలు), సైప్రస్ చెట్లు, తలపాగాలు లెక్కపెడతారు. అవి లేని బొమ్మలో కూడా ఆయన గీతను గుర్తుపట్టవచ్చు.

సమాధానం: కర్నూలు

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలుపుతున్నాను. చుగ్తాయ్ బొమ్మలోని మెత్తదనాన్ని గీత ఖాతాలోనే వేయడం సరికాదు. ఆయన చదివిన లాహోరు మేయో కళాశాలకు అవనీంద్రనాథ్ టాగూరు శిష్యుడు సమరేంద్రనాథ్ గుప్తా ద్వారా వంగ చిత్రశైలి చేరింది. ఆ శైలిలోని వాష్ పద్ధతికి మూలం 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారులు. పలుచని రంగు పూసి, కాగితాన్ని నీట తడిపి, ఆరాక మళ్లీ పూస్తూ పోతే రంగు కాగితంలోకి ఇంకి పొగమంచులా పరుచుకుంటుంది. దాని మీద పడ్డ గీతకు సగం అందం ఆ నేలవల్లనే వస్తుంది. తెల్ల డ్రాయింగ్ కాగితం మీద అదే గీత కరకుగా కనబడటం సహజం.

గీతను మాత్రమే పిల్లలకు చూపాలంటే ఆయన ఎచింగులు, అంటే లోహపు రేకు మీద గీతలు తొలిచి అచ్చు తీసిన బొమ్మలు, చూపించండి. 1930ల నాటి లండన్ ప్రయాణాలలో నేర్చుకున్న విద్య అది. అందులో రంగు అడ్డురాదు.

సమాధానం: హిందూపురం

జిల్లాలు విడిపోయినా లేపాక్షి సంగతి వచ్చింది కనుక ఊరుకోలేకపోతున్నాను. అచ్యుతదేవరాయల కాలం (1529–1542) నాటి ఆ చిత్రాలలో నల్లని గీత రంగుకు గట్టు. ఎర్రని నేల మీద చీర అంచును, పక్కకు తిరిగిన ముఖాన్ని, కొనదేరిన కంటిని అది తెగ్గొట్టినట్టు వేరు చేస్తుంది. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి బొమ్మ తెలియాలంటే గీత ఒకే మందంలో ఉండటమే మేలు. చేతిలో పట్టుకుని చూసే పుటకు ఆ అవసరం లేదు. మీ పిల్లలు లేపాక్షి అలవాటుతో చుగ్తాయ్ బొమ్మకు గట్టు కడుతున్నారని నా అనుమానం. విచిత్రమేమిటంటే అక్కడి చిత్రాలలో, ఆలయం కట్టించిన విరూపణ్ణ పరివారం తలల మీది పొడవాటి కుళ్లాయిలు పడమటి ముస్లిం రాజ్యాల వేషధారణ నుంచి విజయనగరానికి వచ్చినవే. టోపీ వచ్చింది గానీ దానితో కలం పోకడ రాలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కడపవారికి ఒక మనవి: పిల్లలకు కలం ఎక్కడ దొరుకుతుంది? కుంచె పట్టకముందు ఎన్నాళ్లు రాయించాలి?

సమాధానం: కడప

కొనవలసిన పని లేదు. ఎండిన సన్న వెదురుపుల్ల కొసను చాకుతో ఏటవాలుగా చెక్కి, నడుమ చిన్న చీలిక పెడితే సిరా నిలుస్తుంది. అక్షరాలు రాకపోయినా నష్టం లేదు. సన్నగా మొదలై లావెక్కి సన్నగా ముగిసే అడ్డగీతలను పుట నిండా గీయించండి. మోచెయ్యి కదలాలి, వేళ్లు కదలకూడదు. గీత నడుమ గడ్డకట్టడం మానిన పిల్లవాడికి కుంచె ఇవ్వవచ్చు. అప్పుడు కూడా బొమ్మంతా దించమనకండి, ముసుగు అంచు ఒక్కటే గీయమనండి.