కొత్త బైబిళ్లలో వచనాలు "తీసేశారు" అంటున్నారు, మరి బైబిల్ పాఠాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

తెనాలిపిల్ల:

అందరికీ నమస్తే, కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. మాది తాతల కాలం నుంచీ క్రిస్టియన్ ఫ్యామిలీ. మా పెద్దమ్మ వాళ్లింట్లో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది, నేను హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా వెళ్తుంటా. పోయిన వారం ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది, కొత్త బైబిళ్లలో సాతాను వచనాలు తీసేయిస్తున్నాడు, మీ ఫోన్లో ఇప్పుడే చెక్ చేసుకోండి అని, కింద పెద్ద లిస్టు. ఇలాంటివి నేను మామూలుగా పట్టించుకోను కానీ ఎందుకో చెక్ చేశా. నిజంగానే లేవు!! ఎన్ఐవీలో (కొత్త ఇంగ్లీషు అనువాదం) మత్తయి 17:21 దగ్గర మాటల్లేవు, ఫుట్‌నోట్ గుర్తు ఒక్కటే ఉంది. అపొస్తలుల కార్యములు 8:37 కూడా అంతే. కేజేవీలో (పాత కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్) మాత్రం రెండూ శుభ్రంగా ఉన్నాయి.

ఆ మత్తయి వచనం ఏంటంటే, ప్రార్థన ఉపవాసాల వల్ల తప్ప ఈ రకం దయ్యం వదిలిపోదు అని. మా పెద్దమ్మకి అది ప్రాణం, శుక్రవారం కూడిక మొత్తం దాని మీదే నడుస్తుంది అనుకోండి. ఇప్పుడు నా డౌటు ఏంటంటే ఒక వచనం ఉందా లేదా అన్నది ఎవరో కూర్చుని డిసైడ్ చేస్తున్నారంటే మిగతా వచనాల సంగతేంటి? ఆఫీసులో ఒకతను అయితే రెండు వేల ఏళ్లు ఆ చేతా ఈ చేతా పడి వచ్చిన పుస్తకం, మొదట్లో ఏముందో ఎవడికి తెలుసు అంటాడు. నాకు గొడవలు వద్దు, దయచేసి ఎవరూ మతాల మీద మొదలుపెట్టకండి, తెలిసినవాళ్లు చెప్పండి చాలు.

పాతకాగితాలు:

నేను క్రిస్టియన్ కాదండి, కానీ పాత రాతప్రతులంటే పిచ్చి, అందుకని ఈ గొడవ కొంచెం తెలుసు.

"తీసేశారు" అనే మాట దగ్గరే అసలు తిరకాసు. కేజేవీ 1611 నాటిది. దాని కొత్త నిబంధనకి మూలం ఎరాస్మస్ అనే పండితుడు 1516లో అచ్చు వేయించిన గ్రీకు పాఠం, తర్వాత వచ్చినవాళ్లు దాన్నే సవరించుకుంటూ పోయారు. పాపం ఆయన చేతిలో ఉన్న ప్రతులు పట్టుమని పది కూడా లేవు, అవి కూడా చాలావరకు పన్నెండో శతాబ్దం అటూ ఇటూ రాసినవి. ప్రకటన గ్రంథానికైతే ఒకే ఒక్క ప్రతి దొరికింది, దానికి ఆఖరి ఆకు లేదు, ఏం చేశాడంటే లాటిన్ బైబిల్ ముందు పెట్టుకుని ఆ చివరి వచనాల్ని తనే గ్రీకులోకి తిప్పి రాసేశాడు. అచ్చు వేయాలనే తొందర అప్పుడూ ఉంది మరి.

ఆ తర్వాత 19వ శతాబ్దంలో నాలుగో శతాబ్దం నాటి పెద్ద ప్రతులు రెండు పండితుల చేతికి సరిగ్గా వచ్చాయి. ఒకటి వాటికన్‌లోది. రెండోది సైనాయ్ కొండ కింద సెయింట్ కేథరీన్ మఠంలో టిషెండార్ఫ్ అనే జర్మన్ పండితుడు 1844లో కొన్ని ఆకులు, 1859లో ఇంకా బోలెడు చూసినది. అది రష్యాకి వెళ్లింది, 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని బ్రిటిష్ మ్యూజియంకి లక్ష పౌండ్లకి అమ్మేసింది, ఇప్పుడు చాలా భాగం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఫొటోలు నెట్‌లో ఫ్రీగా చూడొచ్చు. ఈ రెండిట్లోనూ మీ మత్తయి 17:21 మొదట రాసిన పాఠంలో లేదు. అంటే కొత్తవాళ్లు తీసింది కాదు, మధ్యలో ఎవరో కలిపింది.

ఎలా కలుస్తుంది అంటారా? అదే కథ మార్కు 9లో కూడా ఉంది కదా, మత్తయి రాస్తున్న లేఖకుడికి మార్కు నోటికి వచ్చు, చేయి ఆగదు, రాసేస్తాడు. ఇందులో కుట్ర ఏం లేదు. ఆ లిస్టులో మార్కు 9:44, 46 కూడా ఉండి ఉంటాయి చూడండి. "వారి పురుగు చావదు" అనే మాట 48లో ఉంది, అది అన్ని బైబిళ్లలో ఉంది. పాటలో పల్లవి మళ్లీ మళ్లీ పాడినట్టు ఎవరో దాన్ని పైన రెండు చోట్ల కూడా రాశారు. కొత్త అనువాదాలు పల్లవిని ఒక్కసారే ఉంచాయి, అంతే.

కలిసిపోవడమే కాదు, జారిపోవడం కూడా ఉంటుంది. ఇది నాకు స్వయంగా అనుభవం. మా తాతగారి తత్వాల నోట్‌బుక్కు చెదలు పట్టిపోతుంటే లాక్‌డౌన్‌లో కూర్చుని కొత్త నోట్‌బుక్కులోకి ఎక్కించా. నెల తర్వాత మా బాబాయి పాడుతూ మధ్యలో ఆగి, ఇక్కడ ఒక చరణం ఏదిరా అన్నాడు. చూస్తే రెండు చరణాలూ ఒకే మాటతో అయిపోతాయి, మొదటిది రాసి తలెత్తి దించేసరికి నా కన్ను రెండోదాని చివర వాలింది, అక్కణ్ణుంచి ముందుకు పోయా. చదివితే నాకు ఏం తేడా తెలియలేదు కూడా.

ఇప్పుడు మీ తెలుగు బైబిల్లో మంచి సమరయుడి కథ తీయండి, లూకా 10. దారిలో దెబ్బలు తిని ఒకడు పడి ఉంటాడు. యాజకుడు "అతనిని చూచి, ప్రక్కగా పోయెను". తర్వాత లేవీయుడు "చూచి ప్రక్కగా పోయెను". గ్రీకులో కూడా ఆ రెండు వచనాలు ఒకే క్రియతో ముగుస్తాయి. సైనాయ్ ప్రతి మొదట రాసిన లేఖకుడు సరిగ్గా అక్కడ నాలాగే జారాడు, అందులో లేవీయుడే లేడు! 32వ వచనం మొత్తం గాయబ్. మరి మనకెలా తెలిసింది అంటే వేరే ప్రతుల్లో ఉంది కాబట్టి. మీ ఆఫీసు ఫ్రెండుకి ఇది చెప్పండి, ఒకే వరసలో ఒకరి తర్వాత ఒకరి చేతికి వెళ్లి ఉంటే ఆయన అన్నట్టే అయ్యేది, కానీ ఇది చెట్టు కొమ్మల్లా వంద దారుల్లో కాపీ అయ్యింది, ఒక కొమ్మలో తప్పు పడితే పక్క కొమ్మ పట్టిస్తుంది.

మన మహాభారతానికి కూడా పూణె భండార్కర్ సంస్థవాళ్లు ఇదే పని చేశారు, 1919 నుంచి 1966 దాకా పట్టింది, 1,259 రాతప్రతులు పోల్చారు. వినాయకుడు కూర్చుని రాశాడు అనే కథ అసలు పాఠంలో నిలవలేదు, అనుబంధంలోకి వెళ్లింది. దానికి వినాయకుణ్ణి తీసేశారు అని మా ఇంట్లో గొడవ చేసినవాళ్లు లేకపోలేదు లెండి.

రాజమండ్రి_కుర్రాడు:

ఫాలోయింగ్. ఇదే ఫార్వర్డ్ మా గ్రూపులో కూడా తిరుగుతోంది, కింద "పది మందికి పంపండి" అని కూడా ఉంది 😀

దేవుడులేడు_మాస్టారున్నాడు:

పాతకాగితాలు గారు చెప్పింది బాగుంది, కానీ ఒక లింకు మిస్సయింది. కాపీ సరిగ్గా వచ్చిందా అనేది ఒక ప్రశ్న, అందులో రాసింది జరిగిందా అనేది ఇంకో ప్రశ్న. పోతన భాగవతం ప్రతులన్నీ అక్షరం పొల్లుపోకుండా కలిశాయనుకోండి, అంతమాత్రాన మొసలి నిజంగా ఏనుగు కాలు పట్టుకున్నట్టా? క్రిస్టియన్ ఫ్రెండ్స్ ఐదు వేలకి పైగా గ్రీకు ప్రతులు ఉన్నాయి అని చెప్పి అక్కడితో కేసు గెలిచేశాం అనుకుంటారు, వాటిలో ఎక్కువ భాగం మధ్యయుగాలవి అని మాత్రం చెప్పరు. ఇప్పటికి దొరికినవాటిలో పాతదని ఎక్కువమంది చెప్పేది మాంచెస్టర్‌లో ఉన్న యోహాను సువార్త ముక్క, మామూలుగా రెండో శతాబ్దం అంటారు, సైజు ఏటీఎం కార్డంత, రెండు వైపులా కలిపి నాలుగైదు వచనాల ముక్కలు.

సరే, విషయానికొస్తా. లూకా 2లో యేసు పుట్టినప్పుడు జనాభా లెక్క, అప్పుడు కురేనియ సిరియాకి అధిపతి. మత్తయి 2లో హేరోదు రాజు బతికే ఉన్నాడు. హేరోదు చనిపోయింది క్రీస్తుపూర్వం 4లో అని ఎక్కువమంది చరిత్రకారుల మాట, కురేనియ లెక్కలు రాయించింది క్రీస్తుశకం 6లో అని ఆ మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్క. మధ్యలో సుమారు పదేళ్లు. ఇది లేఖకుడి కన్ను జారిన తప్పు కాదు, అన్ని ప్రతుల్లోనూ ఉన్నదే. దీనికి సర్దుబాటు వ్యాఖ్యానాలు చాలా చదివా, ఒక్కటీ నాకు ఎక్కలేదు.

ఇంకోటి గొల్యాతు, దావీదు చంపిన ఆ భారీ యోధుడు. సండే స్కూల్లో ఎవరినడిగినా తొమ్మిదిన్నర అడుగుల పైనే అంటారు, "ఆరుమూళ్ల జేనెడు" అని తెలుగు బైబిల్లో ఉంది కాబట్టి. మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన సమూయేలు గ్రంథం చుట్టలో నాలుగు మూరల జానెడే, పాత గ్రీకు అనువాదంలోనూ అంతే. అంటే ఆరడుగుల తొమ్మిదంగుళాలు. మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో వాడికి ప్లేసు దొరికేది, అంతకంటే ఏం లేదు.

వాక్యం_చెప్పే_తాతయ్య:

అమ్మాయ్, వందనాలు. నేను ముప్పై ఏళ్లు సండే స్కూల్ నడిపినవాణ్ణి, మాస్టారు గారు గొల్యాతుని పొట్టివాణ్ణి చేసినందుకు నాకేం కోపం లేదు, దావీదు వాడికంటే పొట్టే కదా.

పాత నిబంధన సంగతి ఒకటి చెప్తా. పూర్తిగా మిగిలిన హెబ్రీ ప్రతుల్లో పాతది 1008 నాటిది, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. కుమ్రాన్‌లో దొరికిన యెషయా చుట్ట దానికంటే వెయ్యేళ్లకి పైగా పాతది. పదిహేడు తోలు ముక్కలు కుట్టి ఇరవై నాలుగు అడుగుల పొడవు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. పోల్చి చూస్తే స్పెల్లింగులు, చిన్న మాటలు చాలా తేడాగా ఉన్నా పుస్తకం అదే పుస్తకం. 53:11లో మాత్రం ఆ చుట్టలో "వెలుగు" అనే మాట ఎక్కువుంది, ఆయన వెలుగు చూస్తాడు అని. నాకైతే అది చాలా ఇష్టం. కానీ యిర్మీయా దగ్గర అంత సుఖంగా లేదు, గ్రీకు యిర్మీయా మన దానికంటే ఎనిమిదో వంతు చిన్నది, దానికి సరిపోయే హెబ్రీ ముక్కలు కూడా కుమ్రాన్‌లో దొరికాయి. అంటే ఆ రోజుల్లోనే రెండు రకాల యిర్మీయా చేతుల్లో తిరిగాయన్నమాట. బోధకులు యెషయా గురించి చెప్పి యిర్మీయా దగ్గర దాటేస్తారు, నేనూ దాటేసినవాణ్ణే.

నాకు బాగా దెబ్బ తగిలింది యోహాను 8 దగ్గర. "మీలో పాపము లేనివాడు" మొదట రాయి వేయాలి అన్న ఆ కథ, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, పాత ప్రతుల్లో లేదని తెలిసినప్పుడు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కొన్ని ప్రతుల్లో అది లూకా 21 చివర ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లు లేని బిడ్డలా తిరిగింది. చాలామంది పండితులు అది యోహాను రాసింది కాదుగానీ చాలా పాత జ్ఞాపకం అయ్యుండొచ్చు అంటారు. నేను ఇప్పటికీ చెప్తాను పిల్లలకి, చెప్పి, ఇది పాత ప్రతుల్లో లేదురా అని కూడా చెప్తాను. కురేనియ లెక్క నాకూ తేలలేదు మాస్టారూ, తేలింది అని అబద్ధం చెప్పను. నా విశ్వాసం దాని మీద నిలబడి లేదు, అది వేరే కథ, ఇక్కడ రాస్తే మళ్లీ గొడవ.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మాయ్, నువ్వు ఇంగ్లీషు బైబిళ్లు రెండూ చూశావు, పెద్దమ్మ గారి తెలుగు బైబిల్ తీశావా? మన తెలుగు అనువాదం ఒక్కరోజులో పుట్టింది కాదు, విశాఖపట్నంలో దె గ్రాంజ్ దొరగారు మొదలుపెడితే 1812లో సెరంపూర్‌లో సువార్తలు అచ్చయ్యాయి, పూర్తి బైబిల్ 1854కి వచ్చింది, తర్వాత సవరణలు జరిగాయి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పాత తర్జుమా చాలా చోట్ల కేజేవీని కాకుండా పాత ప్రతుల పాఠాన్నే పట్టుకుంది. మార్కు 9:29 చూడు. మత్తయి 17లో ఆవగింజ మాట తర్వాత ఏముందో కూడా చూడు. చూసి ఇక్కడ రాయి.

తెనాలిపిల్ల:

తాతయ్య గారూ, చూశా!! నిన్న పెద్దమ్మ బైబిల్ తీశా, నల్ల అట్ట, లోపల పెళ్లి శుభలేఖలు, ఎండిన మట్టల ఆదివారం ఆకు, అన్నీ జారి పడ్డాయి. మార్కు 9:29లో "ప్రార్థనవలననే గాని" అని ఉంది, అంతే, ఉపవాసం మాటే లేదు. మత్తయిలో ఆవగింజ తర్వాత నేరుగా గలిలయలో తిరగడమే. అంటే నలభై ఏళ్లుగా ఆవిడ చేతిలో ఉన్న బైబిల్లో ఆ వచనం అసలు లేనే లేదు! మరి ఎక్కడ నేర్చుకుంది అని అడిగితే చిన్నప్పుడు కూటాల్లో ఇంగ్లీషు దొరలు చెప్తుంటే పక్కన ఒకాయన తెలుగులో చెప్పేవాడు, అక్కడ విన్నా అంది.

మెల్లిగా లేవీయుడి కథతో మొదలుపెట్టి అంతా చెప్పా. కోప్పడుతుందేమో అనుకున్నా. కళ్లజోడు పెట్టుకుని రెండు చోట్లా తనే చదువుకుంది, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మత్తయి 6 తీసి "మీరు ఉపవాసము చేయునప్పుడు" అన్న దగ్గర వేలు పెట్టి, ఇది ఉందా మీ పాత ప్రతుల్లో అని అడిగింది. ఉంది అన్నా. అయితే శుక్రవారం రా అంది.

ఫార్వర్డ్ పెట్టిన మామయ్యకి లేవీయుడి ఫొటో లింకు పంపా, బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు. మాస్టారూ, కురేనియ సంగతి మాత్రం ఇంకా ఎత్తలేదు, శుక్రవారం ప్రార్థన అయ్యాక పెట్టే ఉప్మా తిన్నాక చూస్తా.