ఉస్మానియా బిస్కెట్‌కి ఆ గుల్లతనం ఇంట్లో ఎలా వస్తుంది?

చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్‌తో తిన్నప్పటి నుంచి అదే ధ్యాస. ఇంట్లో ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) చేస్తే రుచి దగ్గర్లోనే ఉంది కానీ బిస్కెట్లు అప్పడాల్లా పరుచుకుపోతున్నాయి. వెన్న ఎక్కువవుతోందంటారా?

కూకట్‌పల్లి వదిన: వెన్న కాదండీ, వేడి. మన ఎండలకి పిండి కలిపేలోపే కరిగిపోతుంది. బిళ్లలు కోశాక ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ముందే 170 డిగ్రీలకి వేడెక్కిన ఓవెన్‌లోకి తోసేయండి. అంచులు రంగు తిరగగానే తీసేయాలి, అప్పటికి మెత్తగానే ఉంటాయి, చల్లారాకే గట్టిపడతాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి.

చాయ్ పిచ్చి: మైదాలో కాస్త కస్టర్డ్ పౌడర్, పాలపొడి కలపండి, గుల్లగా వస్తాయి. ఉప్పు మాత్రం నాలుకకి తగలాలి, అది లేకపోతే ఉస్మానియా ఏంటి, మామూలు వెన్న బిస్కెటే.

అడిగినావిడ: వెనీలా కస్టర్డేనా?

చాయ్ పిచ్చి: అదే. యాలకులు కూడా దంచి వెయ్యండి.